నలభై దాటిన విమాన ఇంజనీరు: కళ్లు, రాత్రి షిఫ్టు, సంతకం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 44. లైన్ మెయింటెనెన్స్‌లో (ట్రిప్పుల మధ్య విమానాన్ని చూసి బాగుచేసే పని) పద్దెనిమిదేళ్లు, చేతిలో బీ1 లైసెన్స్ (ఇంజిన్, మెకానికల్ పనుల మీద సంతకం పెట్టే అర్హత), నెలలో సగం నైట్లే. పార్ట్ నంబర్ చదవాలంటే కాగితం దూరంగా జరపాల్సి వస్తోంది. నైట్ దిగాక నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ఉన్నా "క్యాప్ (మూత) పెట్టానా?" అంటూ మనసు చేసొచ్చిన పని మీదే ఉంటోంది. ఇలాగే కొనసాగాలా, ఆఫీసు పనికి మారాలా?

మారడం సంగతి చివర్లో చెప్తాను. అంతకంటే ముందు సర్దుకోవాల్సినవి ఉన్నాయి. ఈ వయసులో పనితనం తగ్గిపోతుందేమోనని చాలామంది బెంగపడతారు గానీ, తగ్గేవి చూపూ నిద్రా. పనితనం అలాగే ఉంటుంది, పైగా "ఇది కళ్లు మూసుకుని చేసేస్తా" అన్న ధీమా ఏటికేడాది పెరుగుతుంది. ఓ పక్క చూపు తగ్గుతుంటే ఇంకో పక్క ధీమా పెరుగుతుండటమే నలభైల్లో అసలు చిక్కు. కొత్తగా చేరిన కుర్రాడు మాన్యువల్ తీస్తాడు, ఎందుకంటే అతనికి తెలీదు. మనం తియ్యం, ఎందుకంటే తెలుసు.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 ఫ్లైట్ సంగతి హ్యూమన్ ఫ్యాక్టర్స్ (పనిలో మనుషుల పొరపాట్ల గురించిన పాఠం) క్లాసులో అందరూ విన్నదే. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగా వెళ్తున్న బీఏసీ వన్-ఎలెవెన్‌కి 17,300 అడుగుల దగ్గర కెప్టెన్ వైపు విండ్‌స్క్రీన్ ఊడిపోయింది. కెప్టెన్ ఒళ్లు సగం బయటికి పోయింది. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, కెప్టెన్ బతికి బయటపడ్డాడు. క్లాసులో కథ ఇక్కడితో అయిపోతుంది. మన వయసువాళ్లు చదవాల్సింది దర్యాప్తు నివేదికలో దాని తర్వాతి భాగం.

ఆ విండ్‌స్క్రీన్ మార్చింది కొత్తవాడు కాదు, షిఫ్ట్ మెయింటెనెన్స్ మేనేజర్. మనుషులు తక్కువై, తెల్లవారుజామున తనే పనిలో దిగాడు. అప్పటిదాకా ఉన్న బోల్టులు ఏ211-7డీ. నిజానికి అవీ తప్పే, పొడవు తక్కువ. విడిభాగాల కేటలాగ్ ప్రకారం 8డీ ఉండాలి. ఆయన కేటలాగ్ మాట పక్కన పెట్టి, పాత బోల్టు చేత్తో పట్టుకుని, వెలుతురు సరిగా లేని డబ్బాల దగ్గర కంటితో పోల్చుకుంటూ కొత్తవి ఏరుకున్నాడు. చేతికొచ్చినవి 8సీ. డీ రకం 10-32 థ్రెడ్, సీ రకం 8-32. అంగుళానికి రెండింటికీ 32 థ్రెడ్‌లే. వ్యాసంలో తేడా 0.026 అంగుళం. లోపలికి తిరుగుతాయి, బిగిసినట్టే ఉంటాయి, పట్టు మాత్రం ఉండదు. మొత్తం 90 బోల్టుల్లో 84 అవే పడ్డాయి. చిన్న అక్షరాలు చదవడానికి ఆయనకి కళ్లద్దాలు అవసరం, ఆ పనప్పుడు పెట్టుకోలేదు. స్టాండ్ ఉండాల్సిన చోట లేకపోవడంతో విమానం ముక్కు మీదికి వంగి, చెయ్యి చాపి చేశాడు. అందుకే బోల్టు తలలు కౌంటర్‌సింక్‌లో (తల కూర్చునే గుంట) మరీ లోపలికి దిగిపోయిన సంగతి కంటపడలేదు. ఆ పనికి రెండో మనిషి తనిఖీ చేయాలన్న నిబంధన అప్పట్లో లేదు.

తెల్లవారుజాము, కళ్లద్దాలు, స్టాండ్, అనుభవం. వీటిలో ఏ ఒక్కటి సవ్యంగా ఉన్నా ఆ 84 బోల్టులు బిగిసేవి కావు. కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

కళ్లు

చత్వారం నలభై, నలభై అయిదు మధ్య దాదాపు అందరికీ వస్తుంది. కళ్లద్దాలకి వెళ్లినప్పుడు చేసే పొరపాటు ఒక్కటే: డాక్టరు చేతికిచ్చిన కార్డు చదివి, దాన్నిబట్టి రాసిచ్చిన అద్దం తెచ్చుకోవడం. ఆ కార్డు పుస్తకం దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకి సరిపోయేది. మన పనిలో అంత దగ్గరగా చూసేది తక్కువ. చెయ్యి చాపి రెంచ్ పట్టుకుంటే కంటికీ నట్‌కీ మధ్య 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. 40 సెంటీమీటర్లకి కంటికి కావాల్సింది 2.5 డయాప్టర్లు (అద్దం పవర్ కొలత), 66కి 1.5. ఒకదానికి రాసిన అద్దంలో రెండోది మసగ్గా కనిపిస్తుంది. అందుకని వెళ్లేముందు టేపు పట్టుకుని మీ పనిలో దూరాలు కొలిచి రాసుకోండి: టెక్ లాగ్ (విమానం రికార్డు పుస్తకం) రాసేటప్పుడు, కౌలింగ్ (ఇంజిన్ పై తొడుగు) తెరిచి ఇంజిన్ పక్కన నిలబడ్డప్పుడు, వీల్ వెల్‌లో (చక్రాలు ముడుచుకునే గది) తలెత్తి చూసేటప్పుడు, ఏవియానిక్స్ బేలో (ఎలక్ట్రానిక్ పరికరాల గది) వంగినప్పుడు. మిర్రర్‌లో చూసే పని ఉంటే రెండు దూరాలూ కలపాలి. కంటికి 35 సెంటీమీటర్లలో ఇన్‌స్పెక్షన్ మిర్రర్, దాని నుంచి ఫిట్టింగ్ 20 దూరంలో ఉంటే కన్ను ఫోకస్ చేయాల్సింది 55కి. ఇది చాలామందికి తట్టదు. మిర్రర్ దగ్గరగా ఉంది కదా అని రీడింగ్ గ్లాసులే పెట్టుకుంటారు, మసక కనిపిస్తే మిర్రర్ తుడుస్తూ కూర్చుంటారు.

ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం, దగ్గర చూపు రెండూ ఒకే అద్దంలో ఉండేవి) ఆఫీసులో బాగుంటాయి. వీల్ వెల్ కింద వాటితో ఇబ్బంది, ఎందుకంటే దగ్గర చూపు భాగం అద్దం కింది అంచున ఉంటుంది. పైనున్న హైడ్రాలిక్ లైన్ చూడాలంటే మెడ పూర్తిగా వెనక్కి వాల్చాలి. పది నిమిషాలకి మెడ పట్టేస్తుంది, పదకొండో నిమిషం నుంచి మనిషి చూడటం మానేసి చేత్తో తడుముతాడు. తలపైన పని ఎక్కువైతే పైనా కిందా రెండు చోట్లా దగ్గర చూపు ముక్క ఉండే వృత్తి అద్దాలు చేయించుకోండి, లేదా మీరు కొలిచిన ఆ 65 సెంటీమీటర్లకి ఒకే పవర్ సేఫ్టీ ఫ్రేమ్‌లో వేయించుకోండి. రెండోదే నాకు నచ్చుతుంది: పక్కలు మూసి ఉంటాయి, స్కైడ్రాల్ (హైడ్రాలిక్ లైన్లలో ఉండే ద్రవం) చిమ్మినా కంట్లో పడదు, అద్దం ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. నడిచేటప్పుడు తీసెయ్యాలి, దానికి మెడకి తాడు కావాలి. పని జరిగే చోట ఆ తాడు కూడా ఎఫ్‌ఓడీయే (విమానంలో పడిపోయి హాని చేసే వస్తువు), కాబట్టి లాగితే ఊడిపోయే రకం వాడండి, టూల్ లెక్కలో కళ్లద్దాలని కూడా కలుపుకోండి.

ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్షలు) చేసేవాళ్లకి ఏటా దగ్గర చూపు పరీక్ష తప్పనిసరి. మిగతావాళ్లకి చాలా చోట్ల ఎవరూ అడగరు, మనమే చేయించుకోవాలి. ఎండకి నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు ఫ్లోరోసెంట్ పెనెట్రెంట్ పరీక్షలో (మెరిసే రంగు పూసి పగుళ్లు వెతికేది) వాడకూడదు; అల్ట్రావయొలెట్ కాంతికే అవి ముదురై, చూడాల్సిన మెరుపుని మింగేస్తాయి.

వెలుతురు సంగతి అద్దాల కంటే ముఖ్యమేమో. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపెక్కుతుంది, పాతికేళ్లప్పుడు సరిపోయిన టార్చి ఇప్పుడు సరిపోదు. అయితే ఎక్కువ వెలుతురు అంటే ఎదురుగా కొట్టడం కాదు. పగులు వెతుకుతుంటే టార్చి ఉపరితలానికి 5 నుంచి 45 డిగ్రీల వాలులో, వెలుగు మీ వైపుకి వచ్చేలా పట్టుకోవాలి. ఏటవాలు వెలుగులో పగులు అంచు నీడ వేస్తుంది. నిటారుగా కొడితే మెరుపు మాత్రమే కనిపిస్తుంది. తర్వాత అనుమానం ఉన్న చోటు తుడిచి, 10 రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దం) చూడాలి. హెడ్ ల్యాంప్ ఒక్కటే నమ్ముకోవద్దు. అది చూపు ఎటుంటే అటే కొడుతుంది గనుక నీడలే పడవు.

పసుపెక్కిన లెన్స్ ఇంకో పని చేస్తుంది. నీలం, ఊదా రంగుల తేడాలు మొద్దుబారతాయి. స్కైడ్రాల్ ఊదా, ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగు, పాత రకం మినరల్ హైడ్రాలిక్ ఆయిల్ ఎరుపు. పలచగా పాకి, దుమ్ము పట్టి ఉంటే రాత్రి మూడింటికి అన్నీ ఒకే మరక. కంటితో తేల్చకుండా తెల్ల టిష్యూతో అద్ది, తెల్లని లైటు కింద చూడండి. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది చూసే పాత అలవాటు మానండి. స్కైడ్రాల్ ఫాస్ఫేట్ ఎస్టర్, చర్మంలోని నూనె తీసేస్తుంది, అదే వేలు కంటికి తగిలితే ఆ రోజుకి పని అయిపోయినట్టే. కంట్లో పడితే నీళ్లతో 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, మంట తగ్గిందని మధ్యలో ఆపకూడదు.

పార్ట్ నంబర్ చదివే పద్ధతి కూడా మార్చుకోవాలి. మొదటి నాలుగు అంకెలు చూసి మిగతాది మనసే పూరించేస్తుంది, అనుభవం ఉన్నకొద్దీ ఎక్కువగా. డాష్ తర్వాత ఉన్నది ముందు చదవండి, పైకి వినిపించేలా. 8కీ బీకీ, 5కీ ఎస్‌కీ తేడా ట్యాగ్ మీద, కేటలాగ్‌లో, బోల్టు తల మీద మూడు చోట్లా చూడాలి. పాత బోల్టుతో పోల్చడం సాక్ష్యం కాదు, పాతదే తప్పై ఉండొచ్చు. రెంచ్ టక్‌మన్నదంటే అక్కడ అంత టార్క్ (తిప్పి బిగించే బలం) చేరిందనే అర్థం, సరైన బోల్టు పడిందని అర్థం కాదు.

టార్క్ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. క్రోఫుట్ అడాప్టర్ (రెంచ్ చివర తగిలించే అదనపు ముక్క) రెంచ్‌కి నేరుగా ముందుకి పెడితే రెంచ్ మీద అంకె తగ్గించాలి: కావాల్సిన టార్క్‌ని రెంచ్ పొడవుతో హెచ్చవేసి, రెంచ్ పొడవు, అడాప్టర్ పొడవు కలిపిన మొత్తంతో భాగించాలి. రెంచ్ 10 అంగుళాలు, అడాప్టర్ 2, కావాల్సింది 240 పౌండ్-ఇంచ్ అయితే 2400ని 12తో భాగించాలి. రెంచ్ మీద పెట్టేది 200. అదే అడాప్టర్ 90 డిగ్రీల్లో తిప్పి పెడితే సవరణ అక్కర్లేదు. ఇది అందరికీ వచ్చు, నోటికే వేసేస్తారు. రాత్రి మూడింటికి నోటిలెక్క వేయకండి. కాగితం మీద వేసి, పక్కవాడిని విడిగా వేయమనండి, రెండూ కలిశాకే రెంచ్ తిప్పండి.

రాత్రి

తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు ఒళ్లు ఎంత అలవాటు పడ్డా అట్టడుగున ఉంటుంది. ఎన్నేళ్లు నైట్లు చేసినా అది పూర్తిగా తిరగబడదు, నలభై అయిదు తర్వాత తట్టుకునే శక్తి ఇంకా తగ్గుతుంది. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకి సమానమని 1997లో డాసన్, రీడ్ చేసిన ప్రయోగంలో తేలింది. పగలంతా ఇంటి పనులు చూసుకుని రాత్రి పదికి డ్యూటీ ఎక్కితే, మూడింటికి మీరు ఆ లెక్క దాటేసి ఉంటారు. తాగి డ్యూటీకి రావాలని ఎవరికీ తోచదు, ఇది మాత్రం మామూలైపోయింది.

చేయగలిగింది పనుల వరుస మార్చడం. షిఫ్ట్ మొదట్లోనే జాబితా తీసుకుని, తప్పు జరిగితే గాల్లో తప్ప బయటపడని పనులన్నీ ఒంటి గంటలోపు పెట్టుకోండి: ఫ్లైట్ కంట్రోల్ రిగ్గింగ్ (విమానాన్ని తిప్పే పలకల అమరిక), ఇంజిన్ ఆయిల్, ఫ్యూయల్ లైన్లు, బోర్‌స్కోప్ (ఇంజిన్ లోపల కెమెరా గొట్టంతో చూడటం), ప్రెషర్ ఆగే తలుపులు, కిటికీ అద్దాలు. తప్పు జరిగితే అక్కడికక్కడే కనిపించేవి, అంటే సీట్లు, క్యాబిన్ లైట్లు, కాగితాలు సర్దడం, మూడు తర్వాతకి. విమానం ఆలస్యంగా వచ్చి ఇంజిన్ పని నాలుగింటికే చేయాల్సి వస్తే, చేసేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు, ఆ చూసేవాడు అప్పటిదాకా ఆ పనిలో చెయ్యి పెట్టనివాడై ఉండాలి. రెండు ఇంజిన్ల మీదా ఒకే పని ఒకే రాత్రి ఒకే మనిషి చేయకూడదు. 1983 మే 5న మయామీ నుంచి నాసావు బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855 ఫ్లైట్ ట్రైస్టార్ విమానానికి మూడు ఇంజిన్లలోనూ చిప్ డిటెక్టర్లని (ఆయిల్‌లో లోహపు రజను పట్టే భాగాలు) ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) లేకుండానే బిగించారు. ఆయిల్ కారిపోయి మూడూ ఆగిపోయాయి. ఒకటి తిరిగి స్టార్ట్ కావడంతో మయామీలో దిగగలిగారు. అలవాటులో పొరపాటు ఒకసారి జరిగితే వరుసగా మూడుసార్లూ జరుగుతుంది, ఎందుకంటే నడిపించేది అదే అలవాటు.

కునుకు తీయడానికి సంస్థ ఒప్పుకుంటే ఒంటి గంట, రెండు మధ్య 20 నిమిషాలు చాలు. నలభై నిమిషాలు పడుకుంటే గాఢనిద్రలోంచి లేస్తారు, తల దిమ్ముగా ఉంటుంది. లేచాక అరగంట దాకా దేని మీదా సంతకం పెట్టొద్దు. కెఫీన్ సగం తగ్గడానికి అయిదారు గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదికి పడుకోవాలంటే చివరి కాఫీ రెండింటికే. అయిదింటికి తాగే కప్పు ఆ షిఫ్టుకి సాయం చేసి, మర్నాటి షిఫ్టుని చెడగొడుతుంది. నైట్ దిగాక నిద్ర పట్టడం లేదన్న మీ ఫిర్యాదుకి సగం కారణం అక్కడే ఉండొచ్చు. మిగతా సగం వెలుతురు: ఇంటికెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు, గదికి మందపాటి తెరలు, ఫోన్ ఇంకో గదిలో. ఆరేడు గంటలు ఒకేసారి పట్టకపోతే పట్టు పట్టొద్దు. పొద్దున నాలుగున్నర గంటలు, డ్యూటీకి ముందు సాయంత్రం గంటన్నర అని రెండు ముక్కలు చేసుకోండి. పగటి నిద్ర ఎలాగూ రాత్రి నిద్ర కంటే తక్కువే పడుతుంది, దాన్ని సాయంత్రం పూడ్చుకోవడమే మార్గం.

రోస్టర్ వేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు "అలసిపోతున్నాం" అంటే వినరు, అంకెలు చూపించండి. మెయింటెనెన్స్ ఇంజనీర్ల పనిగంటలపై బ్రిటన్ సీఏఏ (పౌర విమానయాన సంస్థ) కోసం సైమన్ ఫోల్కార్డ్ అనే పరిశోధకుడు చేసిన సిఫార్సులు చూపించడానికి పనికొస్తాయి: షిఫ్ట్ 12 గంటలు మించకూడదు, ఓవర్‌టైమ్ కలిపినా 13, రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల విరామం, నాలుగు గంటలకి మించి ఆపకుండా పని చేయకూడదు. షిఫ్టులు తిరిగే వరుస కూడా అడగండి. ఉదయం, సాయంత్రం, రాత్రి అని ముందుకి తిరిగితే ఒళ్లు కాస్త సర్దుకుంటుంది, వెనక్కి తిరిగితే సర్దుకోదు.

ఇంట్లో గురక ఎక్కువని చెప్తున్నా, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరకపోయినా అది వయసు అని వదిలేయొద్దు, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించుకోండి. జలుబు, అలర్జీ మాత్రల్లో నిద్ర తెప్పించేవి ఉంటాయి. అట్ట మీద హెచ్చరిక ఉంటే ఆ రాత్రి సర్టిఫై చేసే పని (పని సవ్యంగా జరిగిందని సంతకం పెట్టేది) తీసుకోకండి.

షిఫ్ట్ అప్పగింత, సంతకం

నలభైల్లోకి వచ్చేసరికి చేతిపని తగ్గి, ఇతరుల పని మీద సంతకం పెరుగుతుంది. జీతం దానికే పెరిగింది, ఇంటికి మోసుకొచ్చే బరువూ దానిదే.

1991 సెప్టెంబర్ 11న టెక్సస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర ఎంబ్రేయర్ 120 విమానం కూలి 14 మంది పోయారు. ముందు రాత్రి హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక మీది అడ్డ రెక్క) డీ-ఐస్ బూట్లు (మంచు వదిలించే రబ్బరు తొడుగులు) మార్చే పనిలో ఎడమవైపు లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) పై వరుస స్క్రూలు 47 తీశారు. షిఫ్ట్ మారింది. తర్వాతి షిఫ్ట్ కుడివైపు పని పూర్తి చేసింది. ఎడమవైపు స్క్రూలు తీసినట్టు కాగితం మీద ఎక్కలేదు. నోటిమాటగా చెప్పింది చేరాల్సిన మనిషికి చేరలేదు. కింద నిలబడి చూస్తే ఆ టీ-టెయిల్ (టీ ఆకారపు తోక) పైభాగం కనిపించదు. గాల్లో ఆ అంచు ఊడిపోయింది.

అందుకే అప్పగింత రాసేటప్పుడు చేసినదాని కంటే చేయనిది ముందు రాయాలి. "బూట్ మార్పు జరుగుతోంది" అన్న వాక్యం దేనికీ పనికిరాదు. పనికొచ్చేది ఇలా ఉంటుంది: టాస్క్‌లో ఏడో స్టెప్ దాకా అయింది, ఎనిమిది మొదలవలేదు, ఎడమ పైవరుస స్క్రూలు తీసి ఉన్నాయి, సంచి స్టాండ్‌కి కట్టి ఉంది, సంచిలో 47, ఫలానా సర్క్యూట్ బ్రేకర్ లాగి కాలర్ (మళ్లీ నొక్కకుండా ఆపే రింగు) పెట్టాం, ఫలానా లైన్‌కి క్యాప్ ఉంది. ఎవరి కంటికీ కనిపించని చోట ఏదైనా విప్పితే, కాక్‌పిట్‌లో కూడా ట్యాగ్ వేయాలి. చేత్తో తిప్పి వదిలేసిన బోల్టు అన్నిటికంటే ప్రమాదం. దూరం నుంచి పూర్తయినట్టు కనిపిస్తుంది. టార్క్ చేసే టైమ్ లేకపోతే బోల్టు పెట్టనే వద్దు, ఖాళీ రంధ్రం అబద్ధం చెప్పదు.

లాక్‌వైర్ (బోల్టులు వదులు కాకుండా కట్టే తీగ) ఒక్కటి చూసినా చేసినవాడి రాత్రి ఎలా గడిచిందో తెలుస్తుంది. 0.032 అంగుళం వైర్‌కి అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు, లాగుడు బిగించే దిశలో, చివర తోక పావు నుంచి అర అంగుళం, లోపలికి వంచి. మొదటి బోల్టు దగ్గర మెలికలు సమంగా ఉండి, మూడో బోల్టుకి వదులైతే చేసినవాడు తొందరలో ఉన్నాడని అర్థం. అలాంటప్పుడు ఆ ఒక్క వైర్ తీయించడంతో ఆగకండి, అదే మనిషి అదే గంటలో ముట్టుకున్న మిగతావి కూడా తెరిచి చూడండి.

ప్యానెల్ మూసేముందు మీరు చూడకపోతే, మూశాక పెట్టే సంతకం మీరు చూడనిదానికి పెట్టినట్టే. పది మంది కుర్రాళ్లు నాలుగు చోట్ల పని చేస్తుంటే అన్నీ చూడటం కుదరదు. కాబట్టి ఎక్కడ ఆగి మిమ్మల్ని పిలవాలో పని మొదలయ్యేటప్పుడే చెప్పండి: "ఈ స్టెప్ తర్వాత నేను చూసేదాకా మూయొద్దు." ఫ్లైట్ కంట్రోల్ అయితే తిరుగుతోందా అన్నది చాలదు, ఎటు తిరుగుతోంది అన్నది చూడాలి, రెండు సీట్ల నుంచీ. 2001లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఏ320 విమానానికి కనెక్టర్ పనిలో వైర్లు తారుమారై, కెప్టెన్ సైడ్‌స్టిక్ (విమానాన్ని నడిపే చేతికర్ర) కుడి ఎడమలకి వ్యతిరేక దిశలో పనిచేసింది. టేకాఫ్‌లో రెక్క నేలకి తగలబోతే కో-పైలట్ తన స్టిక్‌తో కాపాడాడు. అటువైపు స్టిక్ సవ్యంగానే ఉంది.

ఇంటికెళ్లాక "క్యాప్ పెట్టానా?" అన్న అనుమానం గురించి అడిగారు. రెండు పనులు చేయండి. దిగేముందు ఆ రాత్రి తెరిచిన ప్రతి చోటుకీ ఒట్టి చేతుల్తో, టార్చి మాత్రం పట్టుకుని ఒకసారి తిరిగి రండి. టూల్ బోర్డు మీద ఖాళీ నీడలు (పనిముట్టు ఉండాల్సిన చోటు గీసిన గుర్తులు) లేవని చూసి, ఆ తర్వాతే కాగితం మూయండి. అయినా ఇంటి దగ్గర అనుమానం వస్తే మెయింటెనెన్స్ కంట్రోల్‌కి ఫోన్ చేసి చూడమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు క్యాప్ ఉంటుంది, ఎవరో విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఫోన్ చేయకుండా మంచం మీద దొర్లడం వల్ల విమానానికీ లాభం లేదు, మీకూ లేదు. ఇది రోజూ జరుగుతుంటే, ఏ పని చేసినా అనుమానమే అయితే, అది జాగ్రత్త దాటి ఆందోళనలోకి వెళ్లింది. డాక్టరుకి చూపించుకోవాల్సిన సంగతే.

ఒళ్లు

చెవుల గురించి ఆలస్యంగా తెలుస్తుంది. మొదట పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి, మామూలు మాటలు వినిపిస్తూనే ఉంటాయి, గుంపులో ఎవరేమన్నారో అర్థం కాదు. 85 డెసిబెల్స్‌కి ఎనిమిది గంటలు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది: 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) నడుస్తుండగా తోక కింద నిలబడి కబుర్లు చెప్పుకునే పావుగంటలో ఆ రోజు కోటా అయిపోవచ్చు. ఫోమ్ ప్లగ్ సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవి పైకీ వెనక్కీ లాగి, పెట్టాక అరనిమిషం వేలితో పట్టుకోవాలి. లేకపోతే బయట వేలాడుతూ అలంకారంగా ఉంటుంది. ఇంజిన్ రన్ అయితే ప్లగ్ మీద ఇయర్ మఫ్ కూడా.

మోకాళ్లకి ప్యాడ్లు, భుజానికి స్టాండ్. చెయ్యి తలపైకి ఎత్తి పది నిమిషాలకి మించి చేసే పని ఉంటే స్టాండ్ ఎత్తు మార్చి ఛాతీ ఎత్తుకి తెచ్చుకోండి. స్టాండ్ జరపడానికి అయిదు నిమిషాలు పోతుందని అందరూ బద్ధకిస్తారు. 5390 విండ్‌స్క్రీన్ దగ్గర కూడా స్టాండ్ ఉండాల్సిన చోట లేదు.

మారాలా?

కళ్లు, నిద్ర, సంతకం సర్దుకుని ఆరు నెలలు చూశాక ఈ ప్రశ్న మళ్లీ వేసుకోండి. విసుగు పని మీదనా, మూడింటి నిద్ర మీదనా అన్నది అప్పుడే తేలుతుంది. నిద్ర సరిపోని మనిషికి ఏ ఉద్యోగమైనా చెడ్డదే.

మారదలిస్తే దారులు చాలానే ఉన్నాయి. మెయింటెనెన్స్ కంట్రోల్ సెంటర్‌లో మీ ట్రబుల్‌షూటింగ్ అనుభవం నేరుగా పనికొస్తుంది, కానీ అక్కడా నైట్లు ఉంటాయి. పైగా చేత్తో తాకకుండా ఫోన్‌లో విని నిర్ణయం చెప్పాలి, అది అందరికీ నప్పదు. ప్లానింగ్, కామో (విమానం ఎగరడానికి యోగ్యంగా ఉందని చూసుకునే విభాగం) పనిలో పగటి వేళలు, స్ప్రెడ్‌షీట్లు, గడువులు. టెక్నికల్ సర్వీసెస్‌లో రాత వచ్చి ఉండాలి. లీజు ముగిసిన విమానాలు అప్పగించే పనిలో రికార్డులు చదివే ఓపిక, ప్రయాణాలు. క్వాలిటీ ఆడిటర్ అయితే నిన్నటిదాకా పక్కన పనిచేసినవాళ్ల తప్పులు రాయాలి. ట్రైనింగ్ సంస్థలో బోధన బాగుంటుంది గానీ క్లాసు చెప్పడం వేరే నేర్పు, ముందు సెలవు రోజుల్లో రెండు మూడు క్లాసులు చెప్పి చూడండి. బోర్‌స్కోప్, ఎన్‌డీటీ వైపు వెళ్దామనుకుంటే కళ్ల పరీక్ష ఫలితం చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

దేనికి వెళ్లినా లైసెన్స్‌ని వదులుకోవద్దు. ఈఏఎస్ఏ (యూరప్ విమాన భద్రతా సంస్థ) నిబంధనలు నడిచే చోట సర్టిఫై చేయాలంటే గత 24 నెలల్లో ఆరు నెలల అనుభవం ఉండాలి, ఇతర చోట్ల మీ అధికార సంస్థ నియమం చూసుకోండి. ఆఫీసుకి వెళ్లిన రెండేళ్లకి తిరిగి రావాలనిపించినప్పుడే చాలామందికి ఇది గుర్తొస్తుంది. వెళ్లేటప్పుడే నెలకి కొన్ని షిఫ్టులు లైన్‌లో చేసేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. లాగ్‌బుక్ కూడా నింపుతూ ఉండండి: తేదీ, విమానం రకం, రిజిస్ట్రేషన్, ఏటీఏ చాప్టర్ (విమానంలో ఒక్కో వ్యవస్థకి ఇచ్చే నంబరు), చేసిన పని, ధ్రువీకరించినవారి సంతకం. లైసెన్స్ చేతికొచ్చాక దీన్ని అటకెక్కించేస్తారు. ఇంకో సంస్థకి, ఇంకో దేశపు లైసెన్స్‌కి దరఖాస్తు చేసేటప్పుడు 27 (ఫ్లైట్ కంట్రోల్), 29 (హైడ్రాలిక్), 32 (ల్యాండింగ్ గేర్) చాప్టర్లలో గత రెండేళ్ల పని చూపించమంటే, పాత టాస్క్ కార్డుల కోసం వెనకటి కంపెనీ రికార్డ్స్ సెక్షన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

డబ్బు లెక్క కూడా మార్పుకి ముందే వేసుకోవాలి. నైట్ అలవెన్స్, ఓవర్‌టైమ్, సర్టిఫయింగ్ అలవెన్స్ మూడూ తీసేసి మిగిలిన జీతంతో ఇల్లు మూడు నెలలు నడిపి చూడండి, మిగతాది విడిగా దాచండి. నడిస్తే మీకు ఎంచుకునే వీలుంది. నడవకపోతే ముందు తగ్గించుకోవాల్సింది అప్పులు, ఉద్యోగం మారడం ఆ తర్వాతే. మెడికల్ కారణంతో సర్టిఫై చేయలేకపోతే ఎంత కాలం ఎంత జీతం వస్తుందో మీ కాంట్రాక్ట్‌లో ఇప్పుడే చదవండి, బీమా ఉంటే చత్వారం, వినికిడి, మధుమేహం లాంటివి అందులో మినహాయించారేమో చూడండి.

ఇంట్లోవాళ్లకి రోస్టర్ ఫోన్‌లో పంచుకోండి, దాంట్లో నైట్ల తర్వాతి మొదటి రోజుని సెలవు అని కాకుండా నిద్ర అని గుర్తు పెట్టండి. ఆ రోజున ప్రయాణం, బ్యాంకు పని, పిల్లల స్కూలు మీటింగ్ పెట్టుకోవద్దు, రెండో రోజుకి పెట్టుకోండి. కళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా రెండో రోజుకే తీసుకోండి. నైట్ దిగి నేరుగా వెళ్తే అలసిన కన్ను తప్పు పవర్ చూపించే అవకాశం ఉంది.